ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే

ఎక్కడైనా బాంబు పేలిందన్న వార్త టీవీలో రాగానే ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు: "ఎవరి పనట?" ఎంతమంది పోయారో అప్పటికింకా తేలదు. గాయపడ్డవాళ్ళు ఆస్పత్రికి చేరి ఉండరు. అయినా ముందు ఆ ప్రశ్నే వస్తుంది. అడిగినవాళ్ళకి ఫలానా మనిషి పేరూ ఊరూ అక్కర్లేదు. ఏ మతంవాళ్ళు, ఏ దేశంవాళ్ళు, ఏ వర్గంవాళ్ళు అన్నది కావాలి. చాలామంది మనసులో దానికి జవాబు కూడా అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

1995 ఏప్రిల్ 19న అమెరికాలో అదే జరిగింది. ఓక్లహామా సిటీలో ఫెడరల్ ప్రభుత్వ కార్యాలయాలున్న భవనం ముందు ఉదయం 9 గంటల 2 నిమిషాలకి ఒక లారీ పేలింది. ఎరువుతో తయారుచేసిన బాంబు అది. 168 మంది చనిపోయారు. ఆ భవనంలోనే పసిపిల్లల్ని చూసుకునే డేకేర్ ఉంది. చనిపోయినవాళ్ళలో 19 మంది పిల్లలు. కొన్ని గంటల్లోనే టీవీ చానళ్ళలో నిపుణులు మధ్యప్రాచ్యం వైపు వేలు చూపించడం మొదలుపెట్టారు. ఆ ఊరినుంచి జోర్డాన్‌కి బయల్దేరిన జోర్డాన్ సంతతి అమెరికన్ ఒకాయన్ని లండన్‌లో ఆపి వెనక్కి పంపించారు. ఆయనకి ఆ పేలుడుతో ఏ సంబంధమూ లేదు.

అసలు మనిషి అప్పటికే పోలీసుల చేతిలో ఉన్నాడు. పేలుడు జరిగిన గంటన్నరకి, హైవే మీద పోతున్న ఒక పాత పసుపురంగు కారుకి నంబరు ప్లేటు లేదని గస్తీ పోలీసు ఒకాయన ఆపాడు. నడుపుతున్న కుర్రాడి దగ్గర తుపాకీ దొరికింది. తీసుకెళ్ళి చిన్న ఊరి జైల్లో పెట్టారు. రెండు రోజుల తర్వాత, ఇక వదిలేయబోతుండగా ఎఫ్‌బీఐ నుంచి కబురు వచ్చింది. వాళ్ళు దేశమంతా వెతుకుతున్న టిమొతీ మెక్‌వే అతనే. తెల్లవాడు, కాథలిక్ కుటుంబంలో పెరిగినవాడు, గల్ఫ్ యుద్ధంలో పతకం తెచ్చుకున్న సైనికుడు.

ఈ కథలో ముందుతీర్పు రెండు చోట్ల ఉంది. టీవీ ముందు కూర్చున్నవాళ్ళ మనసులో ఒకటి, లారీ తోలుకొచ్చినవాడి మనసులో ఒకటి. సరిగ్గా రెండేళ్ళ ముందు, అదే తేదీన, టెక్సస్‌లోని వేకోలో ఒక మతబృందం మీద ఫెడరల్ బలగాలు సాగించిన ముట్టడి 76 మంది చావుతో ముగిసింది. మెక్‌వే దానికి ప్రతీకారం అన్నాడు. ఓక్లహామా భవనంలో ఉన్నవాళ్ళలో పింఛన్ల కాగితాలు చూసే గుమాస్తాలున్నారు, పని మీద వచ్చిన ముసలివాళ్ళున్నారు. వేకోతో వాళ్ళకేం పని? అతని కళ్ళకి మాత్రం వాళ్ళు విడివిడి మనుషులుగా కనబడలేదు. అందరూ కలిసి ఒకటే ముద్ద, దాని పేరు "ప్రభుత్వం". ఒక మనిషిని చూసి గుంపుని చూడటం, గుంపు మీది కోపాన్ని ఆ మనిషి మీద తీర్చుకోవడం ఎలా మొదలవుతాయి? ఏ దారిలో అవి బాంబు దాకా వెళ్తాయి? ఈ అధ్యాయంలో తేల్చుకోవలసింది అది.

మెతుకు లెక్క

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోడానికి గిన్నెడూ తిని చూడనక్కర్లేదు. ఒక్క మెతుకు నొక్కి చూస్తే చాలు. ఇది మంచి తెలివే. మనిషి మెదడు రోజంతా ఇలాంటి మెతుకు లెక్కలతోనే బతుకుతుంది. ఒక కుక్క కరిస్తే రెండో కుక్కకి దూరంగా నడుస్తుంది. ప్రతిదాన్నీ మొదటినుంచీ పరిశీలిస్తూ కూర్చుంటే రోడ్డు కూడా దాటలేం.

కానీ మెతుకు లెక్క గిన్నెలో ఎందుకు కుదిరిందో చూడాలి. ఒకే బస్తాలో బియ్యం, ఒకే నీళ్ళు, ఒకే మంట. పాతబియ్యంలో కొత్తబియ్యం కలిసినా సరే, ఆ లెక్క తప్పుతుంది. కోట్లమంది ఉన్న ఒక మతమో, ఒక కులమో, ఒక దేశమో ఒకే ఎసట్లో ఉడికినవి కావు. అయినా మెదడు అక్కడా ఒక్క మెతుకే పట్టుకుంటుంది. అంతటితో ఆగదు. మన గిన్నెలో పలుకు తగిలితే "ఏదో ఒకటి అలా ఉండిపోయింది" అని పక్కన పెడతాం. పక్కింటి గిన్నెలో పలుకు తగిలితే "వాళ్ళ వంటే అంత" అంటాం.

ఇది ఎలా జరుగుతుందో 1976లో డేవిడ్ హామిల్టన్, రాబర్ట్ గిఫర్డ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు ఒక తేలికైన ప్రయోగంతో చూపించారు. రెండు ఊహా బృందాలు తీసుకున్నారు. వాటికి పేర్లు కూడా లేవు, ఏ అనీ బీ అనీ అన్నారు, అంతే. ఏ బృందంలోని వాళ్ళ గురించి 26 వాక్యాలు, బీ బృందంలోని వాళ్ళ గురించి 13 వాక్యాలు చదివించారు. ఫలానా మనిషి ఆస్పత్రిలో స్నేహితుణ్ణి పలకరించి వచ్చాడు, ఫలానా మనిషి అబద్ధమాడాడు, ఈ తరహావి. ఏ బృందంలో మంచివి 18, చెడ్డవి 8. బీ బృందంలో మంచివి 9, చెడ్డవి 4. అంటే రెండు చోట్లా మంచిచెడుల పాలు సరిగ్గా ఒక్కటే. తర్వాత అడిగితే, చిన్న బృందమే ఎక్కువ చెడ్డదని చెప్పారు చదివినవాళ్ళు. అరుదుగా కనబడే మనుషులు, అరుదుగా కనబడే చెడ్డపని, ఈ రెండూ ఒకచోట కలిస్తే మనసులో గట్టిగా అతుక్కుంటాయి. నిజంలో లేని లంకె ఒకటి లోపల పుడుతుంది. ఇందులో పాత పగ లేదు, ఎవరూ నూరిపోయలేదు, ద్వేషం అసలే లేదు. మామూలు జ్ఞాపకశక్తి మామూలుగా పనిచేస్తేనే ఈ ఫలితం వచ్చింది. ముందుతీర్పు చెడ్డవాళ్ళకి మాత్రమే పట్టే జబ్బని అనుకునేవాళ్ళు ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి.

దీనికి వార్తలు తోడైతే? ఎరిన్ కెర్న్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2006 నుంచి 2015 దాకా అమెరికాలో జరిగిన 136 ఉగ్రదాడుల మీద వచ్చిన వార్తల్ని లెక్కగట్టారు. ఎందరు చనిపోయారు, ఎవరి మీద దాడి, నిందితులు పట్టుబడ్డారా అన్నవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, దాడి చేసినవాడు ముస్లిం అయితే 357 శాతం ఎక్కువ వార్తలు వచ్చాయి. చదివేవాడు ఏ ఒక్క అబద్ధమూ చదవలేదు. అన్నీ నిజాలే. అయినా అతని బుర్రలో తయారైన బొమ్మ నిజం కాదు.

ఒకసారి ముద్ర పడ్డాక కళ్ళు కూడా దాని మాటే వింటాయి. అదే 1976లో బర్ట్ డంకన్ అనే పరిశోధకుడు తెల్లజాతి కాలేజీ విద్యార్థులకి ఒక వీడియో చూపించాడు. ఇద్దరు మగవాళ్ళు వాదించుకుంటారు, చివర్లో ఒకడు రెండోవాణ్ణి తోస్తాడు. తోసింది నల్లవాడు, తోయించుకున్నది తెల్లవాడు అయినప్పుడు చూసినవాళ్ళలో 75 శాతం మంది దాన్ని దౌర్జన్యమని నమోదు చేశారు. తోసింది తెల్లవాడు, తోయించుకున్నది నల్లవాడు అయినప్పుడు 17 శాతం మందే అలా రాశారు. మిగతావాళ్ళకి అది సరదాగానో, నాటకీయంగానో కనబడింది. అదే తోపు.

బ్రిస్టల్ బడిపిల్లలు

ఇప్పటిదాకా చూసింది కళ్ళ సంగతి. మనసు పక్షం కట్టడం ఎలా మొదలవుతుందో బ్రిస్టల్‌లో తేలింది.

హెన్రీ తాజ్‌ఫెల్ 1919లో పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. చదువుకోడానికి ఫ్రాన్స్ వెళ్ళాడు, యుద్ధం వస్తే ఫ్రెంచి సైన్యంలో చేరాడు, జర్మన్లకి చిక్కాడు. పోలండ్ యూదుణ్ణని చెప్పకుండా ఫ్రెంచివాడిగా చలామణీ అయ్యాడు కాబట్టి ఖైదీల శిబిరంలో బతికి బయటపడ్డాడు. యుద్ధం అయిపోయి ఇంటి వైపు చూస్తే సొంత కుటుంబంలో ఎవరూ మిగల్లేదు. తను మంచివాడా చెడ్డవాడా అన్న దానితో సంబంధం లేకుండా, ఏ గుంపువాడన్న ఒక్క ముక్క మీద ప్రాణం నిలబడిన మనిషి ఆయన. ఆ తర్వాత జీవితమంతా ఒకే ప్రశ్న వెంట పడ్డాడంటే ఆశ్చర్యం లేదు. రెండు గుంపుల మధ్య తగువు రావాలంటే కనీసం ఏం ఉండాలి? పాత పగా? పోటీయా? పేదరికమా?

ఇవేవీ లేని గుంపుల్ని తయారుచేసి చూద్దామనుకున్నాడు. బ్రిస్టల్‌లోని ఒక బడి నుంచి 14, 15 ఏళ్ళ అబ్బాయిల్ని 64 మందిని తీసుకున్నాడు. తెర మీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో అంచనా వేయమన్నాడు. ఎక్కువ చెప్పినవాళ్ళు ఒక గుంపు, తక్కువ చెప్పినవాళ్ళు ఇంకో గుంపు అన్నాడు. నిజానికి చుక్కలతో పని లేదు, ఎవరు ఎటన్నది ఇష్టం వచ్చినట్టు పంచేశారు. మరోసారి చుక్కలకి బదులు క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నచ్చినదాన్ని బట్టి గుంపు అన్నారు. తన గుంపులో ఎవరున్నారో ఒక్క కుర్రాడికీ తెలీదు. మాట్లాడుకోలేదు, కలిసి ఆడలేదు. తర్వాత ఒక్కొక్కణ్ణీ గదిలో కూర్చోబెట్టి, మిగతావాళ్ళకి డబ్బు పంచమన్నారు. తనకి ఏమీ రాదు. ఎదుట ఉన్నవి రెండు అంకెలు, ఒకటి తన గుంపువాడికి, ఒకటి అవతలి గుంపువాడికి.

తనవాళ్ళ వైపు మొగ్గారు. అంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. తాజ్‌ఫెల్‌ని ఆపేసింది ఆ పట్టికల్లోని మరో సంగతి. ఒక పట్టికలో ఒక కొసన తనవాడికి 19, అవతలివాడికి 25 ఉన్నాయి. ఇంకో కొసన తనవాడికి 7, అవతలివాడికి 1. లాభమే కావాలనుకుంటే 19 వైపు వెళ్ళాలి. పిల్లల ఎంపికలు ఆ కొస నుంచి ఇవతలికి జరిగాయి. తనవాడికి వచ్చేది తగ్గినా ఫర్వాలేదు, అవతలివాడికి అంతకంటే తక్కువ రావాలి. పొద్దున్నే పుట్టిన, ముఖాలు తెలియని, సాయంత్రానికి ఉండని గుంపుల కోసం ఇది.

రాజకీయాల్లో ఈ అంకెలు రోజూ కనబడుతూనే ఉంటాయి. తమకి నష్టమని తెలిసి కూడా, అవతలివాళ్ళకి ఇంకా పెద్ద నష్టమని సంబరపడి ఓటేసేవాళ్ళున్నారు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. బ్రిస్టల్ పిల్లలు ఎవర్నీ కొట్టలేదు. తనవాళ్ళ మీద ప్రేమ, పరాయివాళ్ళ మీద పగ ఒకటి కావు. మొదటిది రెండోదిగా మారాలంటే బయటినుంచి ఇంకా చాలా రావాలి. అవి ఎలా వస్తాయో ప్రయోగశాలలో కనబడదు. బ్రిస్టల్ నుంచి సముద్రం దాటితే ఐర్లండ్. ఆ పరీక్షలు సాగుతున్న రోజుల్లోనే అక్కడ అవి ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి.

ఇల్లు దక్కకపోతే ఓటు లేదు

ఉత్తర ఐర్లండ్‌లో కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే రంగు మనుషులు, ఒకే భాష, ఒకే క్రీస్తు. బయటివాడు తేడా కనిపెట్టలేడు. అక్కడివాళ్ళు రెండు నిమిషాల్లో కనిపెట్టేస్తారు. పేరు, చదివిన బడి, ఉండే వీధి, ఆడే ఆట. ఇంగ్లీషు అక్షరం హెచ్‌ని ఎలా పలుకుతారన్నది కూడా. తెలుగువాళ్ళకి ఈ విద్య కొత్తేం కాదు. ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, అప్పటికీ అంతు చిక్కకపోతే "ఇంతకీ మీరేవిట్లు?" అన్నదాకా వచ్చే సంభాషణలు ఏ రైలుపెట్టెలోనైనా వినబడతాయి.

డెర్రీ నగరంలో కాథలిక్కులే ఎక్కువ. 1960లలో దాదాపు 14 వేల కాథలిక్ ఓట్లకి నగరపాలక సంస్థలో దక్కింది 8 సీట్లు. దాదాపు 9 వేల ప్రొటెస్టెంట్ ఓట్లకి 12. వార్డుల గీతలు అలా గీశారు. పైగా స్థానిక ఎన్నికల్లో ఇంటిపన్ను కట్టే ఇంటివాళ్ళకే ఓటు. కౌన్సిల్ ఒక కుటుంబానికి ఇల్లు ఇస్తే ఓటు కూడా ఇచ్చినట్టే. అందుకే ఇళ్ళు ఇచ్చేచోట పేర్లు చూసేవాళ్ళు. 1968 జూన్‌లో కాలెడన్ అనే ఊళ్ళో పిల్లలతో ఇరుకుగదుల్లో ఉంటున్న కాథలిక్ కుటుంబాలు ఎదురుచూస్తుండగా, పెళ్ళికాని 19 ఏళ్ళ ప్రొటెస్టెంట్ అమ్మాయికి కౌన్సిల్ ఇల్లు ఇచ్చారు. యువ ఎంపీ ఆస్టిన్ క్యూరీ వెళ్ళి ఆ ఇంట్లో బైఠాయించాడు. పోలీసులు బయటికి లాగేశారు.

అప్పటికి వాళ్ళు అడుగుతున్నవి ఇల్లు, ఓటు, ఉద్యోగం. ఊరేగింపులు తీశారు. అక్టోబరులో డెర్రీలో ఊరేగింపు మీద పోలీసుల లాఠీలు విరిగాయి, ప్రపంచం టీవీలో చూసింది. 1971 ఆగస్టులో విచారణ లేకుండా నిర్బంధించడం మొదలైంది. మొదటి దెబ్బకి 342 మందిని పట్టుకెళ్ళారు. ప్రొటెస్టెంట్ సాయుధ ముఠాలు కూడా అప్పటికే మనుషుల్ని చంపి ఉన్నాయి, కానీ ఆ 342 మందిలో ఆ ముఠాలవాడు ఒక్కడూ లేడు. పట్టుకెళ్ళినవాళ్ళలో చాలామందికి కాథలిక్కుల వైపు సాయుధ సంస్థ ఐఆర్‌ఏతో సంబంధమే లేదు. జాబితాలు పాతవి, పేర్లు కలిసినవాళ్ళని కూడా తీసుకెళ్ళారు. 1972 జనవరి 30న, ఆ నిర్బంధాలకి వ్యతిరేకంగా డెర్రీలో తీసిన ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపితే 13 మంది అక్కడే చనిపోయారు, మరొకరు తర్వాత పోయారు. చనిపోయినవాళ్ళ వల్ల సైనికులకి ఏ ప్రమాదమూ లేదని అధికారికంగా ఒప్పుకుని ప్రధాని డేవిడ్ కామెరాన్ క్షమాపణ చెప్పడానికి 2010 దాకా పట్టింది.

ఆ కాలపు మరణాల లెక్క చూస్తే నోట మాట రాదు. 1970లో ముప్పై లోపు. 1971లో 170 పైన. 1972లో 470 పైన. ఐఆర్‌ఏకి మనుషుల కోసం ఇల్లిల్లూ తిరగనక్కర్లేకపోయింది, కుర్రాళ్ళే వెతుక్కుంటూ వెళ్ళారు. ఇందులో ఐఆర్‌ఏ నేరాన్ని తగ్గించేది ఏమీ లేదు. అదే ఏడాది జులై 21న బెల్‌ఫాస్ట్‌లో గంటకి కాస్త అటూఇటూగా ఇరవై దాకా బాంబులు పేల్చి 9 మందిని చంపింది ఆ సంస్థే. అవమానం ఒక కారణాన్ని ఇచ్చింది. బాంబు పెట్టాలన్న నిర్ణయం మాత్రం పెట్టినవాడిదే.

మినీబస్సు ఆగినచోట

1976 జనవరి 5 సాయంత్రం. దక్షిణ అర్మాలో బట్టల మిల్లులో పని ముగించుకుని పదిమందికి పైగా కార్మికులు మినీబస్సులో ఇంటికి వెళ్తున్నారు. కింగ్స్‌మిల్ దగ్గర రోడ్డు మీద సైనిక దుస్తుల్లో ఒకడు దీపం ఊపి బస్సు ఆపాడు. తనిఖీ అనుకున్నారు. పొదల్లోంచి ఇంకా తుపాకులు బయటికి వచ్చాయి. అందర్నీ దింపి వరసగా నిలబెట్టి ఒకటే ప్రశ్న వేశారు: మీలో కాథలిక్ ఎవరు?

ఉన్నది ఒక్కడే. ముందురోజే ఆ చుట్టుపక్కల ప్రొటెస్టెంట్ ముఠా రెండు కాథలిక్ కుటుంబాల మీద కాల్పులు జరిపింది. అందుకని వచ్చినవాళ్ళు వీణ్ణి చంపడానికే వచ్చారనుకున్నారు తోటి ప్రొటెస్టెంట్ కార్మికులు. పక్కనున్నవాళ్ళు కదలొద్దని అతన్ని ఆపబోయారు. తుపాకులవాళ్ళు అతన్ని గుర్తుపట్టి, పరిగెత్తు, వెనక్కి చూడకు అన్నారు. తర్వాత మిగిలిన 11 మందినీ కాల్చారు. పదిమంది చనిపోయారు, 18 తూటాలు తగిలి ఒకరు బతికారు.

ఆ వరసలో నిలబడ్డ మనుషుల్ని రెండు రకాలుగా చూడొచ్చని ఆ ఒక్క సాయంత్రమే చూపించింది. రోజూ పక్కన కూర్చుని పనిచేసినవాళ్ళకి ఆ కాథలిక్ కార్మికుడు పేరుపెట్టి పిలిచే మనిషి. తుపాకులవాళ్ళకి మిగతా పదకొండు మందీ ముందురోజు హత్యలకి చెల్లించాల్సిన బాకీ. ఎవరు ఏం చేశారని అడగలేదు. ఎటువాళ్ళన్నదే అడిగారు.

పరాయి మనిషిలోంచి మనిషితనాన్ని తీసేయడం ఎంతవరకు వెళ్తుందో కొలవడానికి నూర్ క్టెయిలీ, ఎమిల్ బ్రూనో అనే మనస్తత్వవేత్తలు 2015లో ఒక పద్ధతి ప్రచురించారు. కోతి దశ నుంచి నిటారుగా నడిచే మనిషి దాకా ఉన్న పరిణామక్రమం బొమ్మ చూపించి, ఒక్కో జనాన్ని ఎక్కడ పెడతారో సున్నా నుంచి వంద దాకా గీత జరపమన్నారు. ఇంత పచ్చిగా అడిగితే ఎవరు ఒప్పుకుంటారు అనిపిస్తుంది. అమెరికన్లు తమని సగటున 90 పైన పెట్టుకుని, అరబ్బుల్నీ ముస్లింలనీ అంతకి పది పాయింట్లకి పైగా కింద పెట్టారు. అలా కిందికి జరిపేవాళ్ళే చిత్రహింసల్నీ బాంబుదాడుల్నీ ఎక్కువగా సమర్థించారు. తర్వాత వాళ్ళే గీత అవతలివైపు చూశారు. మమ్మల్ని మనుషులుగా లెక్కచేయడం లేదని గట్టిగా అనుకునే అమెరికన్ ముస్లింలు, లాటినోలు హింసతో కూడిన నిరసన వైపు ఎక్కువగా మొగ్గారు. ఉగ్రవాదం విషయంలో పోలీసులకి సాయపడటానికి వెనుకాడారు. ఆ అవమానం ఎవరి రక్షణ పేరుతో జరిగిందో వాళ్ళకే తిరిగి తగులుతుంది.

అవమానం పడ్డవాళ్ళంతా తుపాకీ పట్టరన్నది మర్చిపోకూడదు. లక్షల్లో ఏ కొందరో పడతారు. వాళ్ళు పిచ్చివాళ్ళని చాలాకాలం అనుకున్నారు. మార్తా క్రెన్‌షా మొదలుకుని ఎందరో పరిశోధకులు వెతికినా పిచ్చి కనబడలేదు, చాలామంది మామూలుగానే ఉన్నారు. ఒకప్పుడు సీఐఏలో పనిచేసిన మానసిక వైద్యుడు మార్క్ సేజ్‌మన్ 172 మంది జిహాదీల జీవితాలు పరిశీలిస్తే, మూడింట రెండొంతుల మంది స్నేహితుల ద్వారా ఆ దారికి వచ్చారు. సిద్ధాంతం తర్వాత ఒంటబట్టింది. పోలండ్‌లో పుట్టిన అమెరికన్ మనస్తత్వవేత్త ఆరీ క్రుగ్లాన్‌స్కీ చెప్పేది ఇదే తోవలో ఉంటుంది: తానంటూ ఒకడున్నాడని లోకం గుర్తించాలన్న ఆకలి ప్రతి మనిషికీ ఉంటుంది. అవమానం ఆ ఆకలిని పెంచుతుంది. దాన్ని తీర్చే దారి హింసేనని చెప్పే కథ ఒకటి, ఆ కథని నమ్మే నలుగురు స్నేహితులూ దొరికితే ప్రమాదం మొదలవుతుంది. ఆ కథలో "వాళ్ళు" అందరూ ఒకటే మెతుకు.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, ఓలేథాలో ఒక బారులో హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినవాడు, నా దేశం వదిలి పొమ్మని అరిచాడు. తర్వాత వేరే ఊళ్ళో బారుకి వెళ్ళి, ఇద్దరు ఇరానియన్లని కాల్చానని చెప్పుకున్నాడు. శ్రీనివాస్ వయసు 32. ఆయన వెంట ఉన్న తెలుగు స్నేహితుడు గాయపడ్డాడు. అడ్డుపడబోయిన ఒక తెల్ల అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. కోర్టు దీన్ని ఉగ్రవాదమనలేదు, ద్వేషనేరమంది. హంతకుడికి యావజ్జీవం పడింది. చట్టం గీసే ఆ గీత చట్టానికి అవసరం. మనస్తత్వశాస్త్రానికి రెండు వైపులా కనబడేది ఒకే లెక్క. శ్రీనివాస్ ఇరానియన్ అయితే మాత్రం? ఈ ప్రశ్న ఆ వార్త చదివిన చాలామంది తెలుగువాళ్ళకి తట్టలేదు. "పొరపాటున" చంపాడని అనుకున్నారు.

పేక ముక్కల మరక

ముందుతీర్పు నేరస్థుణ్ణి పట్టుకోడానికైనా పనికొస్తుందని వాదించేవాళ్ళున్నారు. 1974 నవంబరు 21న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఆ రాత్రే ఐర్లండ్‌కి పడవ ఎక్కడానికి వెళ్తున్న అయిదుగురు ఐరిష్‌వాళ్ళని పట్టుకున్నారు, ఆరోవాణ్ణి తర్వాత. చేతులకి పేలుడుమందు అంటిందేమోనని రసాయన పరీక్ష చేస్తే కొందరికి ఉందని తేలింది. వాళ్ళు రైల్లో పేకాడుతూ వచ్చారు. పేకముక్కల మెరుపుపూత కూడా అదే పరీక్షలో అదే రంగు చూపించగలదని తర్వాత బయటపడింది. పోలీసులు రాసుకున్న కాగితాలు నమ్మదగ్గవి కావనీ తేలింది. అప్పటికి 16 ఏళ్ళు గడిచాయి. 1991లో ఆరుగుర్నీ వదిలేశారు. ఆ 21 హత్యలకి ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు. ఐరిష్‌వాడు దొరికాడు కదా అని వెతకడం ఆపేసిన రోజునే అసలువాళ్ళు తప్పించుకున్నారు.

హైదరాబాద్‌కీ ఇలాంటి గాయం ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. పదుల సంఖ్యలో ముస్లిం యువకుల్ని పట్టుకెళ్ళారు. ప్రార్థన చేసుకుంటూ చనిపోయినవాళ్ళ మతంవాళ్ళే అనుమానితులయ్యారు. ఆ యువకుల మీద ఏదీ రుజువు కాలేదు. కొందరికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది, దాన్ని తర్వాత హైకోర్టు కొట్టేసింది. సీబీఐ, ఆపైన ఎన్ఐఏ హిందూ అతివాదుల మీద కేసు నడిపాయి. 2018 ఏప్రిల్‌లో ఆ నిందితులూ నిర్దోషులుగా విడుదలయ్యారు. అదే 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర నలభైమందికి పైగా చనిపోయిన కేసులో ఇండియన్ ముజాహిదీన్ మనుషులకి 2018లో ఉరిశిక్ష పడింది. రెండు కేసుల మధ్య మూడు నెలలు. ఒకదానిలో సాక్ష్యాలు కోర్టు దాకా నిలబడ్డాయి. ఇంకోదానిలో చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళకి జవాబే రాలేదు.

కలిసి చదివితే

గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే హార్వర్డ్ మనస్తత్వవేత్త 1954లోనే ఒక మందు సూచించాడు. రెండు గుంపులవాళ్ళు సమాన హోదాతో, ఒకే పని కోసం, పెద్దల అండతో కలిసి మెలగగలిగితే ముందుతీర్పు తగ్గుతుందన్నాడు. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 38 దేశాల నుంచి వచ్చిన 515 అధ్యయనాల్ని కలిపి చూస్తే ఆయన మాట చాలావరకు నిలబడింది. ఆయన పెట్టిన షరతులు పూర్తిగా లేనిచోట కూడా కలయిక కొంత పనిచేసింది. ఓ మోస్తరుగా పనిచేసే మందు ఇది, మంత్రం కాదు.

ఆ 1954లోనే ఓక్లహామాలోని రాబర్స్ కేవ్ అనేచోట ముజఫర్ షరీఫ్ అనే మనస్తత్వవేత్త 22 మంది అబ్బాయిల్ని రెండు జట్లుగా విడదీసి పోటీ పెడితే, జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్ళారు. నీళ్ళు ఆగిపోవడం, లారీ మొరాయించడం లాంటి ఉమ్మడి కష్టాలు కల్పించాక మళ్ళీ కలిశారు. పాఠ్యపుస్తకాలన్నీ ఈ కథ చెబుతాయి. ఏడాది ముందు ఇదే ప్రయోగం చేసి షరీఫ్ విఫలమయ్యాడన్నది తక్కువమంది చెబుతారు. అప్పుడు పిల్లలు ముందు అందరూ కలిసి గడిపారు, తర్వాతే జట్లుగా విడిపోయారు. ఎంత రెచ్చగొట్టినా వాళ్ళ మధ్య పగ రగల్లేదు. గెలిచిన ప్రయోగం కంటే ఓడిన ప్రయోగంలోనే నేర్చుకోవలసింది ఎక్కువ ఉంది.

తుపాకీ పట్టినవాళ్ళ సంగతేమిటి? శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిశాక లొంగిపోయిన, పట్టుబడిన తమిళ సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ సభ్యులు 11 వేలకు పైగా పునరావాస కేంద్రాల్లోకి వెళ్ళారు. అక్కడ కొందరికి చేతిపనులు, చదువు, కళలు నేర్పారు. క్రుగ్లాన్‌స్కీ బృందం వాళ్ళని పరిశీలించింది. పూర్తి శిక్షణ దొరికినవాళ్ళలో అతివాద భావాలు, అరకొరగా దొరికినవాళ్ళ కంటే ఎక్కువ తగ్గాయి. తమ బతుక్కి విలువ ఉందన్న భావన తిరిగి రావడం దానికి ముఖ్య కారణంగా కనబడింది. ఆ యుద్ధం మిగిల్చిన తమిళుల ఫిర్యాదులు అంతటితో తీరిపోయాయని ఎవరూ అనలేరు.

బెల్‌ఫాస్ట్‌లో 1981లో కొందరు తల్లిదండ్రులు ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా లాగన్ కాలేజీ పేరుతో కాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు కలిసి చదివే బడి తెరిచారు. మొదటి ఏడాది 28 మంది పిల్లలు. బాంబులు పేలుతున్న రోజులవి. ఇవాళ అలాంటి బడులు పదుల్లో ఉన్నాయి, అయినా ఉత్తర ఐర్లండ్ పిల్లల్లో పదో వంతు కూడా వాటిలో చదవడం లేదు. మిగతావాళ్ళలో చాలామందికి అవతలివైపు స్నేహితుడు దొరికేసరికి కాలేజీ వయసో, ఉద్యోగం వయసో వస్తుంది. రెండు పేటల మధ్య కట్టిన గోడలు, రాత్రి మూసే గేట్లు ఇంకా ఉన్నాయి. వాటన్నిటినీ 2023 కల్లా తీసేస్తామని అక్కడి ప్రభుత్వం 2013లో ప్రకటించింది. ఆ గడువు దాటిపోయింది. గోడ పక్కన ఉండేవాళ్ళలోనే చాలామంది ఇప్పుడే తీయొద్దంటున్నారు, ముందు తమ పిల్లలకి ఏ ప్రమాదమూ రాదన్న హామీ కావాలంటున్నారు.